ఐదు రోజుల దారం

సంచి సర్దడం ఆమె పని. అతను పనిచేసే సొరంగం దగ్గర రేకుల షెడ్డులో పన్నెండు మంచాలుంటాయి. మంచం కింద ఎంత జాగా ఉంటే అంతే సామాను. అందుకని సంచి ఉబ్బకూడదు. ప్యాంట్లు అడుగున, చొక్కాలు మూడు మడతలేసి వాటి మీద, సబ్బూ గడ్డం గీసుకునే సామానూ పక్క జేబులో. మేజోళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చి ఉండలు చేసి మూలల్లో కుక్కింది. అతను మంచం మీద కూర్చుని బూట్ల లేసులు లాగి కడుతున్నాడు. కడుతున్నట్టు లేదు, వాటి పీక నులుముతున్నట్టుంది.

"ఇంజెక్షన్ వేయించుకుంటే నెలసరి అసలు రాదన్నావు," అన్నాడు తలెత్తకుండా. "ఇప్పుడు పోవడమే లేదు."

ఆమె తువ్వాలు మడిచింది. ఒకోసారి రాదు, ఒకోసారి ఇలా చుక్కలు చుక్కలుగా కనిపిస్తూనే ఉంటుందని నర్సు ముందే చెప్పిందని, ఈ ఎనిమిది రోజుల్లో మూడుసార్లు చెప్పింది. మూడుసార్లూ అతను గోడ వైపు తిరిగి పడుకున్నాడు. రెండు నెలలకోసారి వచ్చేవాడికి ఎనిమిది రోజుల సెలవంటే ఎంతో ఆమెకి తెలియదా? తెలుసు. తెలిసినా చేసేదేముంది.

వంటింట్లోంచి అత్తగారు అందుకుంది. వయసులో ఉన్న ఒంటికి సూదులు పొడిపించుకుంటే జల్లెడ కాక ఏమవుతుందని, జల్లెడ అయ్యాక కారక ఏం చేస్తుందని, గిన్నెలతోనే చెప్పుకుంటున్నట్టు చెప్పింది.

సంచి జిప్పు సగంలో ఆగింది. ఆరేళ్ళ కూతురు ఎగిరి సంచి మీద కూర్చుంది. అతను కూతుర్ని ఎత్తి దించాడు, ముద్దు పెట్టుకున్నాడు, సంచి భుజాన వేసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి ఆమె వంక చూశాడు. ఏదో మంచి మాట అంటాడేమో అనుకుంది.

"వచ్చేసరికైనా తేల్చుకో," అన్నాడు.

అతను వీధి మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలోనే నిలబడింది. అతనికి చెప్పని సంగతి ఒకటుంది. కడుపు రాకుండా మూడు నెలలకోసారి వేసే ఆ ఇంజెక్షన్, రెండోది వేళకి వేయించుకోలేదు. ఆరు వారాలు ఆలస్యమైంది. ఫ్యాక్టరీలో సెలవడిగిన రెండుసార్లూ లేదన్నారు. ఆ ఆరు వారాల మధ్యలోనే అతను ఒకసారి వచ్చి వెళ్ళాడు. తర్వాత ఆసుపత్రిలో నర్సు తేదీ అడిగితే, కార్డు ఇంట్లో మరిచిపోయానని చెప్పి నోటికొచ్చిన తేదీ చెప్పింది. సూది పడ్డ మూడో వారం నుంచీ ఈ చుక్కలు. ఇది మందు పనో, కడుపులో ఏదైనా నిలిచి జారడానికి చూస్తోందో ఆమెకి తెలియదు. ఇవాళ్టికి పదిహేడు రోజులు.

సోమవారం ఉదయం మిషన్ మీద దారం స్టాండుకి ఎర్రదారం ముక్క కట్టి ఉన్నట్టే ఉంది. కాలర్లు కుట్టేది ఆమె. ఆ వరసలో పేర్లు ఎవరికీ గుర్తుండవు, ఎవరు కుట్టేది వాళ్ళ పేరు. ఆమె కాలరమ్మ. ఎడమ పక్కామె కఫ్పులమ్మ, కుడి పక్కామె జేబులమ్మ. చివర బల్ల దగ్గర నిలబడి కుట్టు పరీక్ష చేసేది పెద్దక్క. ముప్ఫై మందికి టాయిలెట్టుకి పోవడానికి ఒకటే చెక్క బిళ్ళ. అది సూపర్‌వైజరు బల్ల మీద ఉంటుంది, అడిగి తీసుకోవాలి. ఎర్రదారం మాత్రం ఆడవాళ్ళే పెట్టుకున్న ఏర్పాటు. నెలసరి వచ్చినామె స్టాండుకి ఎర్రదారం చుట్టుకుంటే బిళ్ళ అడగక్కర్లేదు, లేచి వెళ్ళొచ్చు. ఆమె లేచినంతసేపూ ఆమె కట్టలోని పని పక్కవాళ్ళిద్దరూ పంచుకుని కుట్టేస్తారు. సూపర్‌వైజరుకి తెలుసు. తెలియనట్టు ఫ్యాను వంక చూస్తాడు. దారం ఎన్ని రోజులుండాలో ఎవరూ చెప్పలేదు. ఐదు రోజులని అందరికీ తెలుసు.

ఆమెది పద్దెనిమిదో రోజు.

కాలరు కుట్టడమంటే రెండు ముక్కల మధ్య గట్టి గుడ్డ పెట్టి మూడు వైపులా కుట్టి, మూల కత్తిరించి, తిరగేసి, పుల్లతో మొన పొడవాలి. గట్టిగా పొడిస్తే చిరుగుతుంది, మెల్లగా పొడిస్తే మొన ముద్దగా ఉంటుంది. ఆ పుల్ల పట్టుకుని ఉండగానే కింద తడి తెలుస్తుంది. ఎంతో ఉండదు. గోధుమరంగు మరక, ఒకోసారి రూపాయి బిళ్ళంత, ఒకోసారి అదీ లేదు. కానీ తెలిశాక కూర్చోలేదు. లేచి వెళ్తుంది. చూసుకుంటుంది. ఎర్రగా ఉందా, గడ్డ ఏమైనా పడిందా అని చూసుకుంటుంది. ఏమీ ఉండదు. తిరిగి వచ్చేసరికి కఫ్పులమ్మ ఒళ్ళో ఎనిమిది కాలర్లుంటాయి.

"మాకు నెలకోసారి వస్తుందమ్మా," అంది కఫ్పులమ్మ కాలర్లు ఆమె మిషన్ మీదికి విసిరి. "నీకు నెల ఎప్పుడు పోతుందో అదైనా చెప్పు, ఆ రోజు మేం గుర్తు పెట్టుకుంటాం."

జేబులమ్మ నవ్వింది. వెనక వరసలోంచి ఎవరో, దారమెందుకు, రీలే తగిలించుకోమనండి అన్నారు. ఆమె తల వంచుకుని కుట్టింది. ఆ సాయంత్రం వరస నలభై చొక్కాలు తక్కువ చేసింది. గంట కొట్టినా ఎవర్నీ లేవనివ్వలేదు. అరగంట ఎక్కువ కుట్టించారు. మిషన్ల చప్పుడులో కూడా తన వీపు మీద చూపులు ఆమెకి తెలుస్తూనే ఉన్నాయి.

మంగళవారం దారం విప్పేసి కూర్చుంది. రెండు గంటలు ఓర్చుకుంది. తర్వాత బిళ్ళ అడగడానికి వెళ్తే, అది వేరెవరో పట్టుకెళ్ళారు. నిలబడింది. తిరిగొచ్చి కూర్చునేటప్పుడు స్టూలు మీద చిన్న మరక కనబడి చీర కొంగుతో తుడిచింది. జేబులమ్మ చూసింది. ఆమె మళ్ళీ దారం కట్టుకుంది.

టీ వేళకి పెద్దక్క వచ్చి, రా, అంది. కఫ్పులమ్మని కూడా రమ్మంది.

టాయిలెట్టు గదిలో ఒకటే కిటికీ, పైన, చేతికందనంత ఎత్తులో. పెద్దక్క తలుపు మూసి గడియ వేయలేదు, కాలు అడ్డం పెట్టింది.

"చూపించు," అంది.

"ఏం చూపించాలి?"

"ఏం చూపించాలో తెలియకే పందొమ్మిది రోజులు దారం కట్టుకున్నావా? నీ పని మేం చేస్తున్నాం. మాకు లెక్క కావాలి."

ఆమె కఫ్పులమ్మ వంక చూసింది. నాలుగేళ్ళుగా పక్కపక్కన కూర్చున్న మనిషి. కఫ్పులమ్మ కొళాయి వంక చూస్తోంది. బయట ఎవరో తలుపు తోశారు, పెద్దక్క కాలితోనే వెనక్కి నెట్టింది. ఆమె చేతులు చీర మడతల దగ్గర ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఎదురు తిరగాలని తర్వాత చాలాసార్లు అనుకుంది. అప్పుడు మాత్రం పని త్వరగా అయిపోతే చాలనిపించింది.

పెద్దక్క మెడలో తాడుకి వేలాడే కళ్ళజోడు తీసి పెట్టుకుంది. చొక్కా అంచు పరీక్ష చేసినట్టే, వెలుతురు వైపు తిప్పించి చూసింది. ముట్టుకోలేదు. పెదవి విరిచింది.

"ఇది నెలసరి కాదు," అంది.

"ఇంజెక్షన్ వల్లక్కా. కడుపు రాకుండా వేయించుకున్నాను. దాని వల్ల..."

"రాకుండా వేయించుకున్నదానికి ఇదెందుకు? నేను ముగ్గుర్ని కన్నాను, ఇద్దర్ని పోగొట్టుకున్నాను. నాకు చెప్పకు. నిలిచింది. జారుతోంది. లేకపోతే నువ్వే జార్చుకుంటున్నావు."

కఫ్పులమ్మ అప్పుడు మాట్లాడింది. "ఈమె మొగుడు మొన్ననేగా వెళ్ళింది?" అంది, ఎవరితోనో అన్నట్టు.

"మొన్న వెళ్తే మొన్నటిది ఇవాళ జారదు," అంది పెద్దక్క.

వరసలోకి తిరిగి వచ్చాక పెద్దక్క తన చిన్న కత్తెరతో స్టాండు మీద ఎర్రదారం కత్తిరించి నేల మీద పడేసింది. మధ్యాహ్నానికి సంగతి సూపర్‌వైజరు దాకా పోయింది. అతను దగ్గరికి రాలేదు, కేకేసి పిలిచాడు. శనివారం, వచ్చే మూడు నెలలకి పనిలో ఉంచుకునేవాళ్ళ పేర్ల జాబితా అంటిస్తారు. గర్భంతో ఉన్నవాళ్ళ పేర్లు అందులో ఉండవు. ఎందుకు లేవని అడిగినవాళ్ళకి జవాబూ ఉండదు. గురువారం లోపల ఆసుపత్రి నుంచి కాగితం తెస్తే కూర్చోవచ్చని, తేకపోతే కాలర్లకి మనిషి సిద్ధంగా ఉందని అతను చాలా మర్యాదగా చెప్పాడు. నీ మంచికే అని కూడా అన్నాడు.

బుధవారం ఆసుపత్రిలో బెంచీ మీద కూర్చున్న పదకొండు మంది తర్వాత ఆమె వంతు వచ్చింది. ఈసారి కార్డు తెచ్చింది. నర్సు కార్డు చూసింది, రిజిస్టరు తిప్పింది, వేలితో రెండు తేదీల మధ్య కొలిచింది.

"ఆరు వారాలు ఆలస్యంగా వచ్చి, సమయానికే వచ్చానని చెప్పావు. అప్పుడే పరీక్ష చేసేదాన్ని కదా. ఎవర్ని మోసం చేశావు? నన్నా?"

సెలవివ్వలేదని ఆమె చెప్పబోయింది. నర్సు ప్లాస్టిక్ గిన్నె చేతికిచ్చి తలుపు చూపించింది.

గిన్నె తెచ్చిచ్చాక నర్సు దాంట్లోంచి మూడు చుక్కలు తీసి తెల్లటి పట్టీ మీద వేసి, దాన్ని బల్ల అంచున పెట్టి, ఇంకొకరి కార్డు రాయడం మొదలుపెట్టింది. ఆమె పట్టీ వంకే చూసింది. ఒక గీత రావడానికి ఆట్టే సేపు పట్టలేదు. రెండో గీత ఉండాల్సిన చోటు తెల్లగా ఉంది. తడి పాకుతూ పోతోంది. కళ్ళు చికిలిస్తే అక్కడ గీత ఉన్నట్టుంది, తెరిస్తే లేదు. ఒకవేళ ఉంటే అతనికేం చెప్పాలి, అత్తగారు ఏమంటుంది, కాలర్లకి సిద్ధంగా ఉన్న ఆ మనిషి ఎవరై ఉంటుంది అని వరసగా అనుకుంది. ఎదురుగా గడియారం ముల్లు కదులుతున్నా ఆమె దాన్ని చూడలేదు.

"లేదు," అంది నర్సు, రాస్తున్న కార్డు ముగించాక పట్టీ వంక ఒకసారి చూసి.

ఆమె పట్టీ చేతిలోకి తీసుకుని చూసింది. మరి ఈ చుక్కలేమిటని అడిగింది. నర్సు గొంతు కొంచెం దిగింది. మందు మొదలుపెట్టిన కొత్తలోనూ, వేళ తప్పినప్పుడూ ఇలా అవుతుందని, లోపలి పొర పలచబడి అక్కడక్కడా రాలుతుందని, అది మైలా కాదు, జారడమూ కాదని, ఇంకో నెల చూసి తగ్గకపోయినా, ఎక్కువైనా రమ్మని చెప్పింది. కాగితం అడిగితే రాసిచ్చింది. ఆ రాసేటప్పుడే, తలెత్తకుండా, బెంచీ మీద వాళ్ళందరికీ వినబడేలా అంది:

"నీలాంటి వాళ్ళకి ఇరవై రోజులైనా పరవాలేదు. నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్ళకి మాత్రం ఒక్క చుక్క కనిపించినా మర్నాడే రావాలి. వాళ్ళేమో రారు. సిగ్గు."

గురువారం సూపర్‌వైజరు కాగితం చదివి ఆమెకే తిరిగిచ్చేశాడు. కూర్చో, అన్నాడు. ఆమె కాగితం మడవలేదు. కాలర్ల కట్ట పక్కన, మిషన్ బల్ల మీద, అందరికీ కనబడేలా పెట్టి పైన కత్తెర బరువుంచింది. కఫ్పులమ్మ మెడ సాచి చదివింది. కాసేపాగి తన డబ్బాలోంచి కొత్త సూది తీసి ఆమె వైపు జరిపింది. ఆమె తీసుకోలేదు. సూది ఆ రెండు మిషన్ల మధ్య సాయంత్రం దాకా పడి ఉంది. తప్పయిందని ఎవరూ అనలేదు. లేచి వెళ్ళాల్సి వచ్చినప్పుడు బిళ్ళ అడిగి తీసుకుని, అందరి ముందు నుంచీ నడిచి వెళ్ళింది.

గంట కొట్టాక చేతులు కడుక్కునే కొళాయి దగ్గర పెద్దక్క ఒక్కతే ఉంది. సంచిలో ఏదో కుక్కుతోంది. జేబుల లోపలి గుడ్డ వేస్టు ముక్కలు, మెత్తటివి, చదరంగా కత్తిరించినవి. ఆమెని చూసి సంచి మూతి బిగించింది.

"ఆ నర్సు ఇంకేమంది?" అంది, కొళాయి కట్టేస్తూ.

"దేని గురించి?"

"ఊరికే. చుక్కల గురించి. మా వదినకి... యాభై ఆరేళ్ళు. ఆరేళ్ళయింది ఆగిపోయి. ఇప్పుడు మళ్ళీ ఏదో కనబడుతోందట. రెండు మూడు నెలలుగా. వేడి చేసి ఉంటుంది, అంతే. నువ్వు వెళ్ళొచ్చావు కదా అని."

కొళాయి బిగించినా నీళ్ళు బొట్లుగా పడుతూనే ఉన్నాయి. ఆమె పెద్దక్క సంచి వంక చూసింది. నాకింక ఆ బాధ లేదమ్మా, నేను మగాణ్ణయిపోయాను అని ఆరేళ్ళుగా బల్ల దగ్గర నిలబడి నవ్వే మనిషి. నర్సు మాట ఆమె నాలుక చివరే ఉంది. నాలుగు ముక్కలు, చెప్పేస్తే అయిపోతుంది. అదే నాలుక మీద టాయిలెట్టు గది వాసన కూడా ఉంది.

"నాది చూసి చెప్పావు కదక్కా," అంది. "మీ వదినది కూడా నువ్వే చూడు."

పెద్దక్క కోప్పడలేదు. చిన్నగా నవ్వింది. "అవునులే," అని చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆమెకి కడుపు చల్లగా ఉంది. దారిపొడుగునా ఆ మాట మళ్ళీ మళ్ళీ అనుకుని, ఇంకా పదునుగా అనుంటే బాగుండేదేమో అని కూడా చూసుకుంది. ఇంట్లో అత్తగారికి కాగితం చూపిస్తే, లేదని రాయించుకు రావడం కూడా ఒక ఘనకార్యమేనా, ఉందని రాయించుకొస్తే కదా చూపించాలి అంది. అతను ఫోన్ చేశాడు. సంగతంతా విన్నాడు. "అనుమానం ఉంటేనే కదా పరీక్ష చేయించుకుంటారు," అన్నాడు. ఆమె ఫోన్ కూతురి చేతికిచ్చి, నీళ్ళ బిందె తేవడానికి వెళ్ళింది.

శుక్రవారం పెద్దక్క బల్ల దగ్గర నిలబడలేదు. ఎన్నడూ కూర్చోని మనిషి, చొక్కాల మూట లాక్కుని దాని మీద కూర్చుని చేసింది. రెండుసార్లు లేచి వెళ్ళింది. పెద్దక్కకి ఎర్రదారం కట్టుకునే వీల్లేదు కాబట్టి బిళ్ళ అడిగింది, రెండోసారి సూపర్‌వైజరు ఏదో జోకు వేశాడు. పెద్దక్క కూడా నవ్వింది. కాలరు మొన పొడుస్తూ ఆమె అది చూసింది. చెప్పాలనుకుంది. ఇంకొక్క రోజు ఉండనీ అనుకుంది. నేను నాలుగు రోజులు పడ్డాను, తనూ ఒక రోజు పడనీ.

శనివారం జాబితా అంటించారు. ఆమె పేరు పదమూడో వరసలో ఉంది. వేలు పెట్టి రెండుసార్లు చదువుకుంది. సంతోషం రావాల్సినంత రాలేదు. వంక లేకుండా బల్ల దగ్గరికి పోలేక, మొన ముద్దగా వచ్చిన కాలరొకటి పట్టుకుని పెద్దక్క దగ్గరికి వెళ్ళింది. పెద్దక్క తీసుకుని వెలుతురు వైపు తిప్పింది.

"అక్కా," అంది ఆమె గొంతు తగ్గించి. "మొన్న అడిగావే, మీ వదిన సంగతి. ఆగిపోయినవాళ్ళకి ఒక్క చుక్క కనిపించినా మర్నాడే వెళ్ళాలట. నర్సు చెప్పింది. కావాలంటే సోమవారం నేను కూడా వస్తాను."

పెద్దక్క కళ్ళజోడు పైనుంచి ఆమెని చూసింది. తర్వాత వరస వైపు చూసింది. దగ్గరి మిషన్లు రెండు ఆగాయి.

"వదినా?" అంది, అందరికీ వినబడేంత గట్టిగా. "నాకు వదినెక్కడుందే? మా అన్నయ్యకి పెళ్ళే కాలేదు."

జేబులమ్మ పక్కున నవ్వింది. కాగితం రాగానే డాక్టరమ్మ అయిపోయింది అన్నారెవరో. పెద్దక్క మొహం నవ్వుతోంది. బొటనవేలు మాత్రం కాలరు మొన మీద బిగుసుకుని, గోరు తెల్లబడింది.

అయితే నీకేనా అని అంటే చాలు. ముప్ఫై మంది వింటారు. గడియ వేయని ఆ తలుపు ఈసారి ఆమె చేతిలో ఉంది, కాలు అడ్డం పెట్టొచ్చు. అలా అనాలని ఆమెకి నిజంగానే అనిపించింది. అందరి ముందూ కాకుండా, గంట కొట్టాక చెయ్యి పట్టుకుని అడగొచ్చని కూడా అనిపించింది. రెండూ చేయలేదు. పెద్దక్క చేతిలోంచి కాలరు తీసుకుని, తన చోటికి వెళ్ళి, కుట్టు విప్పడం మొదలుపెట్టింది. గంట కొట్టేసరికి పెద్దక్క వెళ్ళిపోయింది. సోమవారం మామూలుగానే వచ్చింది, మామూలుగానే అరిచింది. ఆమె మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. పెద్దక్క మళ్ళీ అడగలేదు.

ఆమెకి చుక్కలు ఇంకో పన్నెండు రోజులుండి ఆగిపోయాయి. అతను చెప్పిన రోజుకే వచ్చాడు, ఎనిమిది రోజులుండి వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. కఫ్పులమ్మతో మాటలు కలిశాయి.

పెద్దక్క ఆ తర్వాత పందొమ్మిది వారాలు పనిచేసింది. ఇరవయ్యో వారం మంగళవారం, టీ వేళకి ముందు, బల్ల మీద పని సగంలో వదిలి ఆసుపత్రికి వెళ్ళింది. రెండు రోజుల్లో వస్తానని సూపర్‌వైజరుకి చెప్పింది. రాలేదు. గర్భసంచిలో క్యాన్సర్ ముదిరిపోయిందన్నారు. నెల తిరక్కుండానే, ఇరవై ఆరో రోజు ఆదివారం పొద్దున, అక్కడే పోయింది.